చుట్టుగుడిసె లెక్క మన తరగతిలో వేయాలి

రెండు ఆకారాలు కలిసిన వస్తువుల ఘనపరిమాణం కనుక్కోమని పదో తరగతిలో లెక్కలు వస్తాయి. వాటిలో గుడారం, ఐస్‌క్రీం కోను, ఆట బొమ్మలు ఉంటాయి. ఐస్‌క్రీం కోను చూడాలంటే మార్కాపురమో గిద్దలూరో పోవాలి. గుడారం చూడాలంటే సర్కసు రావాలి. మన నల్లమల గూడేల్లో చెంచుల చుట్టుగుడిసె ఉంది గదా, అది ఎందుకు లెక్కలోకి రాదు? కింద గుండ్రటి తడిక గోడ స్థూపం, పైన బోదగడ్డి కప్పు శంకువు. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

మా అవ్వ గుడిసెను నేను తాడుతో కొలిచాను. లోపల అడ్డం 4.2 మీటర్లు, గోడ ఎత్తు 1.5 మీటర్లు, గోడ పైనించి కప్పు కొన దాకా 2.1 మీటర్లు. అడ్డంలో సగం వ్యాసార్ధం, అదీ 2.1 మీటర్లే. నేల వైశాల్యం 22/7 × 2.1 × 2.1 = 13.86 చ.మీ. గోడ మధ్య స్థూపం 13.86 × 1.5 = 20.79 ఘ.మీ. కప్పు కింద శంకువు 13.86 × 2.1 ÷ 3 = 9.702 ఘ.మీ. రెండూ కూడితే 30.492 ఘ.మీ.

శంకువుకి మూడో వంతు అంటే చాలామంది నమ్మరు, సగం ఉంటుంది అంటారు. అందులో సిగ్గేమీ లేదు. 499లో రాసిన ఆర్యభటీయంలో పిరమిడ్‌కి సగం అనే ఉంది, నిజానికి అదీ మూడో వంతే. అట్టతో ఒకే అడ్డం, ఒకే ఎత్తు ఉన్న శంకువు, స్థూపం చేసి ఇసక పోసి చూడండి. మూడు శంకువుల ఇసక పోస్తే గాని స్థూపం నిండదు.

ఇప్పుడు అసలు సంగతి. గుడిసె అంటే ఇరుకు, మిద్దె అంటే విశాలం అని అందరూ అనేస్తారు. మా అవ్వ గుడిసె చుట్టుకొలత 13.2 మీటర్లు. అదే చుట్టుకొలతతో చదరం గది కడితే ఒక్కో గోడ 3.3 మీటర్లు, నేల 10.89 చ.మీ. దాదాపు 3 చ.మీ. నేల పోయింది! ఆ గదిలో కూడా 30.492 ఘ.మీ. రావాలంటే గోడలు 2.8 మీటర్లు లేపాలి. బడి మొహం చూడని మా తాత 1.5 మీటర్ల గోడతోనే సాధించాడు.

నేను మిద్దె వద్దనట్లేదు. చెంచుల వంటి తెగలకు పక్కా ఇళ్లు కూడా ఇచ్చే పి.ఎం. జన్‌మన్ పథకం 2023 నవంబరు 15న మొదలైంది. ఆ ఇళ్లు ప్రతి గూడేనికీ రావాలి. వానకు కారని ఇల్లు, నిప్పంటుకోని ఇల్లు ఎవరికి చేదు? కానీ ఇల్లు బొమ్మ గీయమంటే మనలో చాలామంది చుట్టుగుడిసె గీయరు. పక్కవాళ్లు నవ్వుతారని భయం. ఆ బొమ్మే బోర్డు మీద సారు గీసి లెక్క చెప్తే ఎవరు నవ్వుతారు?

అందుకని లెక్కల సారు ఒక పీరియడు దీనికి ఇవ్వాలి. వార్డెన్ మేడం గారు సెలవులకి పోయేవాళ్లకి ఒక టేపు ఇప్పించాలి. కొలిచేవాళ్లకు ఒక మాట. కప్పు ఎత్తు చూరు దగ్గర్నించి కొలవొద్దు. చూరు గోడ దాటి కిందికి దిగి ఉంటుంది, అక్కణ్ణించి కొలిస్తే ఘనపరిమాణం ఎక్కువ వచ్చేస్తుంది. కప్పుకి ఎంత గడ్డి పట్టిందో లెక్క కట్టాలంటే మాత్రం చూరు నించే, ఏటవాలుగా కొన దాకా కొలవాలి.

— 9వ తరగతి విద్యార్థిని