వంద క్యాచ్‌ల తర్వాత కూడా

రిజర్వేషన్ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఆటల్ని ఉదాహరణగా తెస్తారు. ఆటలో స్కోరే మాట్లాడుతుందట, ప్రతిభ ఉన్నవాణ్ణి ఎవరూ ఆపలేరట. సరే, స్కోరు దగ్గరికే వెళ్దాం.

లయొనెల్ టేలర్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిసీవర్. అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి అందుకునేవాడు. నల్లజాతి మనిషి. 1961లో డెన్వర్ బ్రాంకోస్ తరఫున 14 మ్యాచ్‌ల్లో 100 క్యాచ్‌లు పట్టాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఒక సీజన్లో వంద అందుకున్న మొదటివాడు ఆయనే. ఏఎఫ్ఎల్ లీగ్ పుట్టిన తొలి ఆరేళ్లలో ఐదుసార్లు క్యాచ్‌ల పట్టికలో ఆయనదే పైస్థానం. కొత్త లీగ్ కదా, డిఫెన్స్ బలహీనం అంటారు. అనుకోండి. కానీ ఆయన పెద్ద వేగం ఉన్నవాడు కాదు. ఎక్కడ మళ్లాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. కాళ్లు వాళ్లవి, బుర్ర మాది అనే తెల్ల అహంకారానికి ఆయన ఆటే జవాబు.

1970 నుంచి 1976 దాకా పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో రిసీవర్ల కోచ్. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్న లిన్ స్వాన్, జాన్ స్టాల్‌వర్త్ ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లారు. ఆయన ఉండగానే జట్టు రెండు సూపర్ బౌల్స్ గెలిచింది. ఆ తర్వాత లాస్ ఏంజెలస్ రామ్స్‌లో చేరి, 1980లో అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. దాడి వ్యూహమంతా చూసే పని అది. ఇంకొక్క మెట్టెక్కితే హెడ్ కోచ్.

ఎన్ఎఫ్ఎల్‌లో ఆ మెట్టు ఆయనకు అందలేదు. హెడ్ కోచ్ కుర్చీ దొరికింది నల్లవాళ్ల విశ్వవిద్యాలయమైన టెక్సస్ సదరన్‌లో, తర్వాత సముద్రం అవతల లండన్ మొనార్క్స్‌లో.

ఇది ఒక్కడి తలరాత అనుకునేరు! 1920లలో ఫ్రిట్జ్ పొలార్డ్ తర్వాత, 1989లో ఆర్ట్ షెల్ వచ్చేదాకా ఆ లీగ్‌లో నల్ల హెడ్ కోచ్ ఒక్కరూ లేరు. మైదానం నిండా నల్ల ఆటగాళ్లున్న ఏళ్లు కూడా అందులోనే ఉన్నాయి. స్కోరు ఎవరితో మాట్లాడినట్టు?

2003లో రూనీ రూల్ వచ్చింది. పేరు స్టీలర్స్ యజమాని డాన్ రూనీది, టేలర్ పనిచేసిన జట్టే. హెడ్ కోచ్ పోస్టు ఖాళీ అయితే కనీసం ఒక్క మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చెయ్యాలన్నారు. ఇంటర్వ్యూ మాత్రమే. తనను ఉత్తుత్తి ఇంటర్వ్యూకి పిలిచారంటూ 2022లో బ్రయన్ ఫ్లోరెస్ అనే కోచ్ లీగ్ మీద కోర్టుకెక్కాడు.

పేరు ముందే రాసుకుని పిలిచే ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో మన పీహెచ్‌డీ పిల్లలకు నేను చెప్పాలా? మన దగ్గర దాని చివర ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అని రాసి, రిజర్వుడు పోస్టును ఖాళీగా వదిలేస్తారు. ఈసారి అలా రాస్తే ఊరుకోవద్దు. కమిటీలో ఎవరు కూర్చున్నారు, ఎవరికి ఎన్ని మార్కులు వేశారు, ఆర్టీఐ పెట్టి అడగండి.