కందుల గడ్డ మీద పొడి డబ్బాల బేరమా!

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. సున్నపురాయి మీద పరుచుకున్న నల్లరేగడిలో పండే ఈ గింజలో నూటికి 22 నుంచి 24 పాళ్లు ప్రొటీన్ ఉంటుందని ఆ సందర్భంగా దేశమంతా చెప్పుకున్నారు. మా పెద్దేముల్ ఆ కంది పండే నేలే. ఇదే పెద్దేముల్ నుంచి తాండూరు పోయి, కందుల బస్తాలు దిగే మార్కెట్ యార్డును దాటుకుని, ఒళ్లు తగ్గడానికి ప్రొటీన్ పొడి డబ్బా కొనుక్కొస్తున్నారు మనవాళ్లు. వేలకు వేలు పోస్తున్నారు. ఇంటికొచ్చాక రాత్రి తొమ్మిదిన్నరకు పళ్లెం నిండా తెల్లన్నం, దాని మీద నీళ్లలాంటి పప్పుచారు. ఈ దోపిడీని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఒళ్లు చేసినవాళ్లను ఊళ్లో చులకనగా ఒక మాట అంటారు: నోరు కట్టుకోలేరని. ఈ మాట అబద్ధం, పైగా క్రూరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 30 శాతం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. మగవాళ్లు ఇంకాస్త ఎక్కువ. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒంట్లో కొవ్వు పేరుకుంటున్నది, నెత్తురు మాత్రం చాలడం లేదు. తిండి ఎక్కువై వచ్చిన జబ్బే అయితే ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఎందుకుంటాయి? కడుపు నిండుతున్నది గాని ఒంటికి కావలసింది అందడం లేదు. లోపం మనిషి గుణంలో లేదు, పళ్లెంలో ఉంది.

అందులోనూ శాకాహారుల పళ్లెం. లింగాయతుల ఇళ్లు, కోమట్ల ఇళ్లు, బాపనోళ్ల ఇళ్లు, ఏ మొక్కుకో మాంసం మానేసినవాళ్ల ఇళ్లు... అన్నిచోట్లా ఒకటే ధీమా: మనం మాంసం ముట్టం గనక మన తిండి తేలికైనదే అని. మరి రోజంతా తింటున్నదేమిటి? పొద్దున బడికో ఆఫీసుకో ఉరుకుతూ బస్టాండులో పూరీ, లేదంటే ఉప్మా. పదకొండుకు చాయ్, బిస్కెట్లు. మధ్యాహ్నం డబ్బాలో ముప్పాతిక భాగం అన్నం, మూలన కూర. సాయంత్రం మిర్చి బజ్జీ, మళ్లీ చాయ్. రాత్రికి మళ్లీ అన్నం. పిండి మీద పిండి, నూనె మీద నూనె. రెండు చెంచాల చక్కెర పడ్డ చాయ్ రోజుకు అయిదు సార్లు తాగితే చక్కెరే 200 కేలరీలు. సోమవారం ఒక్కపొద్దుంటారు సరే, సాయంత్రానికి సగ్గుబియ్యం ఖిచిడీ తింటారు. సగ్గుబియ్యమంటే దాదాపు అచ్చమైన గంజిపిండి. ఒక్కపొద్దును నేను తప్పుపట్టను. ఒక్కపొద్దు వల్ల ఒళ్లు తగ్గుతుందని నమ్మించేవాళ్లను తప్పుపడతాను.

ఇక గురువుల సంగతి. వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి 2018 ప్రాంతంలో రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం వద్దు, రొట్టె వద్దు, పండ్లు వద్దు, పప్పులు కూడా వద్దు! మాంసం, గుడ్డు తినేవాళ్లకు ప్రొటీన్‌కు వేరే దారి ఉంది. పప్పు తప్ప పెద్ద ఆధారం లేని మనిషిని పప్పు మానేయమంటే అతని ఒంట్లో కండ ఎట్లా నిలుస్తుంది? మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని వంట చెప్పారు. ఆయన చిత్తశుద్ధిని శంకించను. కానీ ఉప్పు లేని కూర ఒకరికి, మామూలు కూర నలుగురికి, ఈ రెండు వంటలూ రోజూ ఎవరు చేయాలి? ఖాదర్ వలీ గారు చిరుధాన్యాలను మళ్లీ జనం నోట పలికించారు, అది మేలే. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు ఆయన లెక్కలో సిరిధాన్యాలు. మా తాతముత్తాతలను సాకిన జొన్న మాత్రం తటస్థ ధాన్యమట. ఆ మాట పట్టుకుని మావాళ్లు ఇంట్లో ఉన్న జొన్నలు వదిలి, రెండింతలు మూడింతలు ధర పెట్టి అండుకొర్రల ప్యాకెట్లు కొన్నారు. నాలుగు నెలలకు ఆ ప్యాకెట్లకు పురుగు పట్టింది, బరువు మళ్లీ మొదటికొచ్చింది.

మొదటికి రాక తప్పదు. అమెరికాలో బరువు తగ్గే పోటీతో ఒక టీవీ షో నడిచింది, పేరు 'ది బిగ్గెస్ట్ లూజర్'. అందులో వేగంగా బరువు తగ్గిన 14 మందిని కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. చాలామందికి పోయిన బరువులో పెద్ద భాగం తిరిగొచ్చింది. వాళ్ల ఒళ్లు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేయాల్సిన శక్తిలో రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువే ఖర్చు చేస్తున్నది, ఆరేళ్లయినా! ఒంటిని కరువులోకి తోస్తే అది కరువుకు తగ్గట్టే బతకడం నేర్చుకుంటుంది. నెలకు పది కిలోలు తగ్గిస్తామని గోడల మీద రాతలు రాసేవాళ్లు అమ్ముతున్నది ఈ కరువునే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పే వేగం వారానికి అరకిలో. అంతకన్నా తొందర పెట్టేవాళ్లను గుమ్మం ఎక్కనివ్వకండి.

ఆ సంస్థే 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల తిండిలో ధాన్యం 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు ఉండాలి. బరువు తగ్గాలనుకునేవాళ్లు కోత పెట్టాల్సింది ధాన్యంలో, నూనెలో. పప్పులో కాదు, కూరలో కాదు. 60 కిలోలుండాల్సిన మనిషికి రోజుకు కావలసిన ప్రొటీన్ 50 గ్రాములు. 85 గ్రాముల కందిపప్పులో 18 గ్రాములు, 200 గ్రాముల జొన్నపిండిలో 20, పెరుగు మజ్జిగల్లో 9 లేక 10, గుప్పెడు పల్లీల్లో 7. మీరే కూడుకోండి. ఇందులో పొడి డబ్బాకు చోటెక్కడుంది? కందిపప్పులో ఉండే లైసిన్ జొన్నలో తక్కువ, జొన్నలో ఉండే మిథియోనిన్ కందిపప్పులో తక్కువ. రొట్టె, పప్పు కలిస్తే రెండు లోట్లూ తీరతాయి. మా పెద్దమ్మలకు ఈ పేర్లు తెలియవు. కలిపి తినడం తెలుసు.

జొన్నలో కేలరీలే ఉండవని ప్రచారం చేసేవాళ్లను కూడా నమ్మకండి. నూరు గ్రాముల బియ్యంలో 356 కేలరీలుంటే జొన్నలో 334, పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది పీచులో. బియ్యంలో మూడు గ్రాములు లేదు, జొన్నలో పది. రెండు రొట్టెలు, గట్టి పప్పు, పుంటికూరో గంగవాయిలు కూరో తిన్న మనిషికి నాలుగింటి దాకా ఆకలి కాదు. బజ్జీల బండి దగ్గర ఆగాలనిపించదు. ఎవరో చెప్తే పాటించే నిగ్రహం కన్నా ఇది గట్టిది.

అయితే రొట్టె చేయడం మాటలు కాదు. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేతులతో కొట్టి, పెనం ముందు అరగంట నిలబడాలి. ఆ అరగంట ఎవరిది? పొద్దున ఆరున్నర బస్సు అందుకోవాల్సిన టీచరమ్మది, అంగన్‌వాడీ అక్కది. అందుకే నేను పట్టుబట్టి చెప్తున్నాను: ఇంట్లో ఒకరి కోసం వేరే వంట చేయాల్సి వచ్చే ఏ పథ్యమూ నాలుగు నెలలు దాటదు. అందరికీ ఒకటే వంట ఉండాలి. ఎవరి పళ్లెంలో అన్నం ఎంత అన్నదే తేడా. పొద్దున కుక్కర్లో పప్పు గట్టిగా ఉడికించుకుంటే అదే మధ్యాహ్నం ఆకుకూర పప్పు, రాత్రికి కొంచెం పలచన చేసిన చారు. రాత్రి బబ్బెర్లో ఉలవలో పెసర్లో నానబెడితే పొద్దున గుడాలు, బస్టాండు పూరీ అక్కర్లేదు. రొట్టెకు తీరిక లేని రోజు జొన్న గట్క వండండి, అన్నం వండినంత సులువు. రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ల దగ్గర కొనుక్కోండి, డబ్బా కంపెనీకి పోయే పైసలు ఆమెకన్నా చేరతాయి. సరిహద్దు అవతల కలబురగి వైపు ఎండబెట్టిన జొన్నరొట్టె వారాలు నిల్వ ఉంటుంది, అది ఇంట్లో ఉంటే తీరిక లేదన్న బాధే ఉండదు.

నూనె సంగతి నెల మొదట్లోనే తేల్చాలి. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడుంబావు కిలోలు. అంతే తెచ్చి పక్కన పెట్టండి, అయిపోతే ఇంక కొనకండి. అదే ఇంటికి పప్పుదినుసులు నెలకు పది కిలోలు కావాలి. మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోలు వస్తున్నాయో చీటీ తీసి చూసుకోండి. చాలా ఇళ్లలో రెండో మూడో కిలోలు దాటవు. తీరిక లేకనో తెలియకనో అని సరిపెట్టుకోలేం, కందిపప్పు ధరకు భయపడి కూడా కొనడం లేదు.

నడక మంచిదే, నడవండి. కండ నిలవాలంటే బరువులెత్తే పని కూడా ఉండాలి. చక్కెర జబ్బుకు, థైరాయిడ్‌కు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా తిండి మార్చొద్దు. పాలు పెరుగు అంతగా తీసుకోని శాకాహారులు బీ12 పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు ప్రభుత్వానికి. 1983లో ఎన్.టి. రామారావు రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు అది ఆకలి మీద యుద్ధం. ఆ బియ్యం తిని బతికిన ఇళ్లు ఈ మండలంలో ఎన్నో, దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ నలభై ఏళ్లుగా అదే పళ్లెం, అందులో అదే బియ్యం. 2025 మార్చి 30న సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి నెలకు 6 కిలోలు. అన్నం రుచి పెరిగింది. ఆ అన్నంలోకి పప్పేది? 2013 ఉగాదికి మొదలైన అమ్మహస్తం రేషన్ పథకంలో కిలో కందిపప్పు ఉండేది, అది పోయింది. కంది రైతు పంట చేతికొచ్చిన నెలలో ధర లేకున్నా అమ్ముకుంటాడు, అతని ఇంటి పక్కనే ఉన్న చౌక దుకాణంలో కందిపప్పు ఉండదు. పెద్దేముల్ కందులను పెద్దేముల్‌లోనే కొనండి. ఈ జిల్లాలోనే పప్పు పట్టించి, ఈ జిల్లా చౌక దుకాణాల్లో, హాస్టళ్లలో మనిషికి నెలకు కనీసం కిలో లెక్కన ఇవ్వండి. అందుకు నాలుగు కిలోల బియ్యం తగ్గించినా నేను కాదనను, కానీ ఏ ఇల్లు ఎంత మార్చుకోవాలో ఆ ఇల్లే తేల్చుకోనివ్వండి. రాబోయే పంట కొనుగోళ్లు మొదలయ్యేలోపు ఈ పని కావాలి.