చలికాలంలో దూరం నడవండి, తెల్లవారుజామున మాత్రం వద్దు

ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే భిలాయ్‌లో రోజంతా నడవగలిగేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. అందుకే ఆదివారం వచ్చిందంటే నడక బృందాలు చీకటితోనే బయలుదేరతాయి. మా బృందం కూడా అంతే. టౌన్‌షిప్ సెక్టార్ల నుంచి మైత్రీబాగ్ మీదుగా మరోదా జలాశయం వైపు వెళ్లి, ఊరంతా చుట్టి వస్తే ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. నడక మానమని నేను అనను. వేళ మార్చుకోవాలంటాను.

మామూలుగా నేల దగ్గర వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, పొగనూ దుమ్మునూ తనతో తీసుకుపోతుంది. మబ్బు పట్టని, గాలి వీచని చలిరాత్రి ఇది తలకిందులవుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి పొర మిగులుతుంది. కింది చల్లగాలి బరువైనది కాబట్టి లేవదు. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఇళ్ల ముందు చలికాచుకునే గోర్సీల పొగ (గోర్సీ అంటే ఇక్కడి మట్టి కుంపటి), ఆకులు తగలబెట్టిన పొగ, రాత్రంతా తిరిగిన లారీల పొగ ఆ మూత కిందే పోగుపడతాయి.

పొద్దెక్కగానే అంతా సర్దుకుంటుందా అంటే, వెంటనే కాదు. ఎత్తయిన చిమ్నీల పొగ రాత్రిపూట పైకీ కిందికీ పోలేక గాలిలో పట్టీలా సాగుతుంది. ఉక్కు పట్టణంలో పెరిగినవాళ్లందరూ చూసిన దృశ్యమే. ఎండకు నేల వేడెక్కి గాలి కలగలవడం మొదలై, ఆ కలయిక పొగ ఎత్తుకు చేరినప్పుడు ఆ పొగ కిందికి దిగుతుంది. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6.45 ప్రాంతంలో. ఆ తర్వాతి ఒకటి రెండు గంటలు కూడా అంత మంచివి కావన్నమాట.

కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. చురుగ్గా నడిస్తే అది మూడు నాలుగు రెట్లవుతుంది. గాలిలో ఉన్న సూక్ష్మధూళి కూడా అదే లెక్కన లోపలికి పోతుంది.

1948 అక్టోబరులో అమెరికాలోని డొనోరా అనే ఉక్కు, జింకు పట్టణంలో ఇలాంటి మూతే రోజుల తరబడి కదల్లేదు. ఇరవై మంది చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. అది కొండల మధ్య లోయ. భిలాయ్ మైదానం, కాబట్టి ఆ పోలికను సాగదీయకూడదు. కొండల నడుమ గిన్నెలా ఉన్న విశాఖపట్నం వాళ్లు దాని గురించి నాకన్నా ఎక్కువ ఆలోచించాలి.

మనకు రోజూ కనిపించే వాయు నాణ్యతా సూచీ దీన్ని పట్టివ్వదు. అందులో పీఎం 2.5 లెక్క 24 గంటల సగటు. తెల్లవారుజాము మురికినీ మధ్యాహ్నపు తేటనూ కలిపేస్తే 'ఫరవాలేదు' అనిపించే అంకె రావచ్చు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న ఊరు ఇది. సివిక్ సెంటర్, 32 బంగళాలు, హథ్‌ఖోజ్‌లలో గంట గంటకూ కొలిచే కేంద్రాలున్నాయి. ఆ గంటల లెక్కను పార్కుల దగ్గర బోర్డుల మీద పెట్టాలి. నడక పోటీలు పెట్టేవాళ్లు జెండా ఊపే వేళను దాన్ని చూసి నిర్ణయించాలి.

పొద్దున్నే నడవకపోతే అది నడకేనా అంటారు మా బృందంలోని పెద్దలు. ఏళ్ల తరబడి ఉదయం షిఫ్టుకు లేచినవాళ్లు, నాలుగున్నరకే మెలకువ వస్తుంది. పైగా ఎండాకాలంలో ఆ వేళకు నడవడమే తెలివైన పని. ఆ అలవాటును చలికాలంలోకి లాక్కురావడం దగ్గరే నాకు పేచీ. మెలకువ వస్తే రానివ్వండి, టీ తాగండి, పేపరు చదవండి. పదింటికి బయలుదేరి, సాయంత్రం మూత మళ్లీ పడకముందే, నాలుగున్నరకల్లా ఇల్లు చేరితే ఆరున్నర గంటలు దొరుకుతాయి. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున, మధ్యలో భోజనానికి గంట ఆగినా ఇరవై దాటుతుంది.