ముందు మాటకు జవాబు చెప్పండి

మిషన్ భగీరథ నీళ్లు మూడు రోజుల నుంచి రావడం లేదని ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో రాస్తారు. ఎప్పుడొస్తయో సర్పంచ్ సాబ్ చెప్పాలంటారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ‘నువ్వెవరి మనిషివో మాకు తెల్వదా?’, ‘పైసలు తీసుకొని పోస్టులు పెడుతున్నవ్’ అని వరసగా వచ్చి పడతాయి. పొద్దుగూకేసరికి ఆ మనిషికి ట్రోల్ బ్యాచ్ అని ముద్ర పడుతుంది, అడ్మిన్ గ్రూపులోంచి తీసేస్తాడు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే గ్రూపులో ఉన్న ఊళ్లలో ఈ ముద్ర వేయడం మరీ సులువు.

ఒకరిని ట్రోల్, అంటే కావాలని గొడవ రేపే మనిషి, అన్నామంటే వాళ్ల మనసులో ఏముందో మనకు తెలుసని అన్నట్టే. దాన్ని రుజువు చేయడం ఎవరి తరం? మన దగ్గరున్నది రాసిన మాట ఒక్కటే.

ఈ విషయంలో మన పాలమూరుకు ఇక్కడి బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి కంటే పెద్ద పాఠం అక్కర్లేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ముడుంబ రాఘవాచార్యులు రాశారు. ఆ మాట తెలంగాణ గుండెలో గుచ్చుకుంది. సురవరం చేతిలో గోలకొండ పత్రిక ఉంది. రాసినాయన అసూయపరుడనో, కావాలని కయ్యానికి కాలు దువ్వుతున్నాడనో వారాల తరబడి ఏకిపారేయవచ్చు. ఆయన మాత్రం కవుల పేర్లు, వివరాలు, పద్యాలు పోగుచేసి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అవతలి మనిషిది అజ్ఞానమో, దురుద్దేశమో తేల్చాల్సిన పనే ఆయనకు పడలేదు. ఎగతాళికే అన్నా, తెలియక అన్నా జవాబు అదే.

మాట వల్ల కీడు జరిగే చోట కూడా ఉద్దేశం చెడ్డదే కానక్కర్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకాయి. తెలంగాణలో అమాయకులు దెబ్బలకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పుకార్లను పంపినవాళ్లలో తమ పిల్లల కోసం భయపడ్డ తల్లిదండ్రులు ఎందరో. అప్పుడు జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను పల్లెలకు పంపారు, డప్పులతో, పాటలతో అది అబద్ధమని చెప్పించారు. నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

అట్లని అందరూ అమాయకులేనని చెప్పను. ఆడపిల్ల ఫొటో పెట్టి బూతులు రాసేవాళ్లున్నారు. ఒకే అబద్ధాన్ని, కాదని చూపించాక కూడా, రోజూ తెచ్చి పడేసేవాళ్లున్నారు. వాళ్లను ఆపాల్సిందే, ఆడపిల్ల విషయంలో అయితే ఒక్క పూట కూడా ఆగొద్దు. అక్కడా చూపించాల్సింది వాళ్లు చేసిన పనినే.

2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదు చేసింది నిజంగా బాధితులేనా చూడాలి, ప్రాథమిక విచారణ చేయాలి, పోస్టు కనిపించగానే అరెస్టుకు దిగరాదు అని చెప్పింది. తుపాకీ, లాఠీ ఉన్న శాఖకే ఇంత నియమం ఉన్నప్పుడు ఊరి గ్రూపు అడ్మిన్‌కు కొంతైనా ఉండాలి కదా.

ఎవరైనా ట్రోల్ అని ఆరోపిస్తే, ఏ మెసేజ్, అందులో ఏ వాక్యం అని అడ్మిన్ అడగాలి. చూపించలేకపోతే ఆరోపణ అక్కడితో ఆగాలి. చూపిస్తే ఆ మెసేజ్ రాసినవాళ్లను వాళ్ల మాట చెప్పుకోనివ్వాలి. తప్పని తేలితే ఆ ఒక్క మెసేజ్ తీసేసే వీలు అడ్మిన్‌కు ఎలాగూ ఉంది, మనిషినే తీసేయనక్కర్లేదు. ఫిర్యాదు సర్పంచ్ మీద అయి, అడ్మిన్ సర్పంచ్ ఇంటి మనిషే అయితే, నిర్ణయం ఆయన చేతిలో పెట్టొద్దు. బడి సారునో, మహిళా సంఘం అధ్యక్షురాలినో అడగండి. తీసేయక తప్పకపోతే మళ్లీ ఎప్పుడు చేర్చుకుంటారో అదే రోజు అందరి ముందూ రాయండి. ఈలోగా నీళ్లు ఎప్పుడొస్తాయో కూడా చెప్పండి.