విచారణ కోరే హక్కు ప్రతిపక్షానికీ ఉండాలి



కుంభకోణం బయటపడగానే సంయుక్త పార్లమెంటరీ సంఘం (జేపీసీ) వేయాలని ప్రతిపక్షం పట్టుబట్టడం, ససేమిరా అని ప్రభుత్వం భీష్మించడం, సభలు వాయిదా పడడం ఎన్నాళ్లుగానో చూస్తున్నాం. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల వ్యవహారంలో 2010 శీతాకాల సమావేశాలు దాదాపు పూర్తిగా ఇలాగే తుడిచిపెట్టుకుపోయాయి. తీరా 2011లో జేపీసీ వేయనే వేశారు. నాడు దానికోసం పోరాడిన బీజేపీయే, రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలుపై కాంగ్రెస్ అదే అడిగితే కాదంది.

తప్పు పార్టీల మంకుపట్టులో కన్నా నియమాల్లోనే ఎక్కువ ఉంది. జేపీసీకి సభ తీర్మానం కావాలి, తీర్మానం నెగ్గాలంటే మెజారిటీ కావాలి. అంటే ఎవరి పనిపై విచారణ జరగాలో వారు ఒప్పుకుంటేనే విచారణ! సంఘంలో స్థానాలూ పార్టీల బలాన్ని బట్టే కాబట్టి అక్కడా పాలకపక్షానిదే పైచేయి. 1987లో బోఫోర్స్ శతఘ్నుల కొనుగోలుపై వేసిన అలాంటి సంఘాన్నే తెలుగుదేశం సహా ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించాయి.

జర్మనీలో ఈ చిక్కు లేదు. అక్కడి రాజ్యాంగం 44వ అధికరణ ప్రకారం పావువంతు సభ్యులు కోరితే దిగువ సభ విచారణ సంఘం వేసి తీరాలి. 2013 ఎన్నికల తర్వాత పెద్ద పక్షాలు చేతులు కలపడంతో ప్రతిపక్షం 631 మందిలో 127కే పరిమితమైంది, పావువంతుకు చాలలేదు. అప్పుడు సభ 2014లో తన నియమావళిని మార్చుకుని, ఆ పదవీకాలానికి 120 మంది కోరితే చాలంది. పాలకపక్షాలు కూడా ఒప్పుకుంటేనే జరిగిన మార్పిది. అంతటి పెద్దరికం మన సభలో ఎందుకు ఉండకూడదు?

రోజుకో విచారణ అడుగుతారన్న భయం అక్కర్లేదు. 543 మంది లోక్‌సభలో పావువంతంటే 136 సంతకాలు. పలు పార్టీలను ఒప్పించి అంతమంది సంతకాలు కూడగట్టడం తేలిక కాదు.

సంఘం వేసినంత మాత్రాన సరిపోదు. రాజ్య భద్రతకో ప్రయోజనాలకో భంగమని చెప్పి సంఘం అడిగిన పత్రాన్ని ఇవ్వకుండా ఉండే వీలు లోక్‌సభ నియమావళిలోని 270వ నియమం ప్రభుత్వానికి ఇచ్చింది. భద్రత మాట సరే, ‘ప్రయోజనాలు’ అన్న మాటలో దేన్నయినా దాచేయవచ్చు. ఇక 2జీ జేపీసీ ముందు సాక్ష్యం చెబుతానని టెలికాం శాఖ మాజీ మంత్రి ఎ.రాజా స్వయంగా అడిగినా పిలవలేదు. రాతపూర్వక వివరణతో సరిపెట్టారు. కీలక వ్యక్తిని ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నించకుండా నివేదిక రాస్తే జనం ఎలా నమ్ముతారు?

తన నియమాలను తానే రాసుకునే అధికారాన్ని మన రాజ్యాంగం 118వ అధికరణ పార్లమెంటులోని ప్రతి సభకూ ఇచ్చింది. పావువంతు సభ్యులు కోరితే లోక్‌సభ విచారణ సంఘం వేసేలా, 270వ నియమం నుంచి ‘ప్రయోజనాలు’ తొలగించేలా సవరణ కోరుతూ మన రెండు తెలుగు రాష్ట్రాల 42 మంది లోక్‌సభ సభ్యులు చొరవ తీసుకోవాలి.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం