ఇంటరప్ట్ హ్యాండ్లర్లో ఈ చాటింపు ఎందుకు?

కెర్నెల్లో ఎర్రర్ మెసేజీలు శుభ్రం చేసే పాచ్ ఎవరైనా పంపితే చాలు, మనవాళ్ళలో కొందరికి మహా చులకన. "కమిట్ల లెక్క పెంచుకోడానికిలే" అని ఓ నవ్వు. నాకు ఒళ్ళుమండేది అక్కడే. హ్యాండ్లర్లో ఒక్క ప్రింట్ ఖరీదెంతో లెక్క కట్టారా అసలు?

సీరియల్ కన్సోల్ 115200 బాడ్‌లో ఉందనుకోండి. సెకనుకి 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైను బయటపడటానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. ఆ అక్షరాలు తోసే పని మన సీపీయూ నెత్తినే పడితే అంతసేపూ మిగతా ఇంటరప్ట్‌లు గుమ్మంలో నిలబడాలి. అదే తప్పు ప్రతి ఇంటరప్ట్‌కీ వస్తుంటే, జబ్బు కంటే మూలుగే రోగిని చంపుతుంది.

అమలాపురం, రాజోలు వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గోదారికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంతే. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినా నాలుగోది కనిపెట్టలేదు. కొలిచేది ఒకచోట, అర్థమయ్యేది లంకలన్నిటికీ. అల తగిలినప్పుడల్లా డప్పు కొడితే రెండోరోజుకి ఎవడూ చెవిన పెట్టడు.

2019లో లినక్స్‌లో జరిగిందీ ఇదే. అంతకుముందు ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ ఫెయిలైతే ఏ డ్రైవర్ గోల దానిది, ఏ స్పెల్లింగ్ దానిది. 5.4 నుంచి ఆ ఫంక్షనే ఒక్కసారి చెబుతుంది. డ్రైవర్లలో మిగిలిన డూప్లికేట్ లైన్లని వరసపెట్టి పీకేశారు.

"అన్నీ పీకేస్తే డీబగ్ ఎలా?" అంటారు. అన్నీ పీకమని ఎవరన్నారు స్వామీ? లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 కంటే ఎక్కువ అనాథలైతే కెర్నెల్ "ఎవరూ పట్టించుకోలేదు" అని ఒక్కసారి చెప్పి, ఆ లైను మూసేస్తుంది. అది ఉండాల్సిన మెసేజ్. హ్యాండ్లర్లో కౌంటర్ పెంచండి, చెప్పేది బయటికొచ్చాక చెప్పండి. 5 సెకన్లకి 10 చొప్పున రేట్‌లిమిట్ తగిలించి చేతులు దులుపుకోవడం మాత్రం బద్ధకమే.

ఇంకోటి. ప్రోబ్ డిఫర్ అంటే "కాసేపాగి రా" అని, అది తప్పు కాదు. ఆ ఫంక్షన్ అప్పుడు నోరు మెదపదు. ఆ తేడా చూడని డ్రైవర్లు బూట్ అయిన ప్రతిసారీ ఎర్రర్ అని అరుస్తాయి. ఆ లైను తీసేసే పాచ్‌ని చూసి నవ్వేవాళ్ళు, కస్టమర్ అదే లైను కాపీ చేసి అర్ధరాత్రి టికెట్ వేస్తే ఏం జవాబిస్తారో చూడాలనుంది.