టర్బో దగ్గర కక్కుర్తి పనికిరాదు

విజయవాడ ఆటోనగర్‌లో టర్బో కావాలంటే ముందు వచ్చే ఎదురు ప్రశ్న ‘కంపెనీదా, లోకలా?’ అని. ధరల్లో తేడా వినగానే మనసు లోకల్ వైపు లాగుతుంది. నెలనెలా కిస్తీ కట్టే లారీ ఓనరుకు ఆ తేడా చిన్నదేమీ కాదు. బంపరో మడ్‌గార్డో అయితే లోకల్ సరుకు వేసినా బండి ఆగిపోదు. టర్బో సంగతి వేరు.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇది. వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పాలి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టాలి. చెప్పడం తేలికే. లారీ ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగేచోట టర్బో ఇరుసు లక్ష దాకా తిరుగుతుంది. కార్లలోని చిన్న టర్బోలైతే రెండు లక్షలు దాటుతాయి. ఒక పక్క 700 డిగ్రీలు దాటే పొగ, ఇంకో పక్క బయటి గాలి. నడుమ ఇరుసు మైక్రాన్లలో కొలిచే ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి.

లోకల్ పేరుతో అమ్మే నకిలీ దొరికిపోయేది ఇక్కడే. పేరున్న తయారీదారులు పొగ వైపు చక్రాన్ని ఎర్రగా కాలినా బలం తగ్గని నికెల్ మిశ్రమ లోహంతో పోత పోస్తారు. ఇరుసు, చక్రాలు, బేరింగులు బిగించిన కోర్‌ను వేగంగా తిప్పి, కంపనం కొలిచి, పిసరంత లోహం గీకి సరిచేస్తారు. నకిలీలో లోహం చౌక, బ్యాలెన్సింగ్ నామమాత్రం. బల్ల మీద పెడితే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది తేడా.

ఇరుసు ఊగితే ఆయిల్ పొర తెగుతుంది, బేరింగు అరుగుతుంది, రెక్కలు గూటికి రాసుకుంటాయి. విరిగిన ముక్క ఇంజన్‌లో పడితే పిస్టన్లు, లైనర్ల ఖర్చు నెత్తిన పడుతుంది. సీలు పోయి ఆయిల్ గాలి గొట్టంలోకి చేరితే డీజిల్ ఇంజన్ దాన్నే ఇంధనంగా మండించి, తాళం తీసినా ఆగకుండా హోరెత్తవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు ఇంకో గండముంది: టర్బో నుంచి కారిన ఆయిల్ పొగలో కలిసి, మసిని పట్టే ఫిల్టరును పూడ్చేస్తుంది. అదీ మార్చాల్సి వస్తే లోకల్ టర్బోతో మిగిలిందేమీ ఉండదు.

అలాగని కంపెనీ టర్బో బిగిస్తే చాలనుకోవడమూ పొరపాటే. ఆయిల్ అందకో, ఆయిల్‌లో మురికి చేరో, గాలి ఫిల్టరు దాటి దుమ్ము వచ్చో పోయే టర్బోలే ఎక్కువ. పాతది ఎందుకు పోయిందో చూడకుండా, మసి పట్టి మూసుకుపోయిన ఆయిల్ పైపుకే కొత్తది తగిలిస్తే అదీ ఎక్కువకాలం బతకదు. ఆ తర్వాత ‘కంపెనీదీ ఇంతే’ అంటూ మెకానిక్కూ ఓనరూ తలాడించడం మాత్రం బాగుండదు.

పూర్తి ధర భరించలేనివారికి మధ్యేమార్గం ఉంది. కొందరు తయారీదారులు పాతదాన్ని తీసుకుని, అరిగిన భాగాలు మార్చి, వారంటీతో తిరిగి అమ్ముతారు. బ్యాలెన్సింగ్ యంత్రమున్న వర్క్‌షాపులో కోర్ బాగుచేయించి రిపోర్టు అడిగి తీసుకోవడమూ మేలే. సొంత పేరుతో, బిల్లుతో అమ్మే వేరే బ్రాండ్లను దొంగ సరుకుతో కలపకూడదు. పెద్ద కంపెనీ పేరు అతికించి అమ్మేదే అసలు మోసం. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం దానికి మూడేళ్ల దాకా జైలు విధించవచ్చంటోంది.

కంపెనీలకూ బాధ్యత లేకపోలేదు. ఊరుగాని ఊళ్లో బండి ఆగిపోయినప్పుడు అసలు భాగం ఎప్పుడొస్తుందో తెలియక, చేతికందిన నకిలీని పెట్టించేవారూ ఉంటారు. 28 శాతం పన్నున్న వాహన విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18 శాతానికి దిగింది. ఆ తగ్గుదల కొనేవాడి బిల్లులో కనిపించాలి. మొత్తం టర్బోనే కొనమనకుండా కోర్‌ను విడిగా అమ్మాలి, జిల్లా కేంద్రాల్లోనైనా నిల్వ ఉంచాలి.